మిద్దె మీద జగ్రూత

ఆ గురువారం పొద్దున ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ముందు చెప్తాను. వాకిలి తలుపు పక్కన చాప మీద జపమాల తిప్పుకుంటూ నాయనమ్మ. వంటింట్లో పెద్ద మట్టితొట్టిలో పిండి పిసుకుతూ అమ్మ. అమ్మకి ఎదురుగా ఎత్తుపీట మీద కూర్చుని, తన చేతికి పిండి అంటకుండా ఎలా పిసకాలో చెబుతూ తహానీ పెద్దమ్మ. వెనకగదిలో మంచం మీద నాన్న. ఆ మంచం కింద పిల్లిని పట్టుకోవడానికి పాకుతూ మా చెల్లెలు రవాన్. పెదనాన్న అబ్దుల్ మొయిజ్, ఆయన కొడుకు రిఫాత్ అన్న పిండిమరకి వెళ్ళారు. కానీ పెదనాన్న లేనప్పుడు కూడా మేం ఆయన వింటున్నట్టే మాట్లాడతాం. ఇల్లు ఆయనది. గోధుమలు ఆయనవి. నాన్న ఎక్కి పడిపోయిన ఖర్జూరపు చెట్టు కూడా ఆయనదే. నాన్న నడుం పోయాక మేం నలుగురం ఈ ఇంట్లోకి వచ్చాం. అప్పట్నించీ రొట్టెలూ, పేడకళ్ళూ, గేదె మేతా, అందరి బట్టలూ అమ్మవీ నావీ అయ్యాయి. అమ్మ ఎప్పుడైనా నడుం పట్టుకుని నిలబడితే పెద్దమ్మ నవ్వుతూనే అంటుంది, "ఇంట్లో మనుషులు ఇంట్లో పని చేసుకోవడం కూడా ఒక పనేనా వదీదా?" అని. పొరుగువాళ్ళతో మాత్రం నలుగుర్ని కూర్చోబెట్టి తిండి పెడుతున్నామని చెబుతుంది. మేం కూర్చున్నది ఎవరూ చూడలేదు.

ఆరోజు మాత్రం అందరూ నాతో మెత్తగా ఉన్నారు. నాకు భయం వేసింది అందుకే. పొద్దున టీలో పెద్దమ్మ తన చేత్తో చక్కెర వేసి ఇచ్చింది. నేను పిండిబస్తా మోయబోతే "వద్దులే, అది రిఫాత్ వచ్చి పెడతాడు" అంది. ఆ బస్తాని రిఫాత్ అన్న ఎప్పుడూ ముట్టుకోలేదు. నాయనమ్మ నన్ను పిలిచి, "ఇటు నుంచి తలుపు దాకా నడు. మళ్ళీ రా" అంది. నడిచాను. గేదెని బేరం చేసేటప్పుడు చూసినట్టు చూసింది.

"నడుం నిలబడింది పిల్లకి" అంది నాయనమ్మ.

"ఆ కర్ర తిప్పుళ్ళ వల్లేలే అత్తా. అదొక్కటే ఒరిగింది" అంది పెద్దమ్మ. తర్వాత నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, "ఈ చేతులకి కాస్త నూనె రాయవే వదీదా. పేడ ఎత్తినట్టున్నాయి" అంది.

"ఎత్తుతున్నదేగా అక్కా" అంది అమ్మ, తల ఎత్తకుండా.

పెద్దమ్మ దానికి కోప్పడలేదు. నవ్వింది. అమ్మ పిసుకుతున్న చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి. అమ్మకి కూడా ఏదో తెలిసిందని నాకు అప్పుడనిపించింది. తెలిసినదాన్ని పిండిలోకి నొక్కేస్తున్నట్టుగా పిసుకుతోంది.

మా ఊళ్ళో రొట్టెని ముందు ఎండలో పెడతాం. గుండ్రటి మట్టిపళ్ళేల మీద ముద్దలు పెట్టి మిద్దెక్కిస్తే, ఎండకి అవి ఉబ్బి పొంగుతాయి. అప్పుడు పొయ్యిలోకి పోతాయి. పొంగేదాకా పావురాలు పొడవకుండా, కోళ్ళు తొక్కకుండా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే. దానికి నేనెప్పుడూ విసుక్కోలేదు. ఇంట్లో నాకు దొరికే ఏకాంతం అదొక్కటే. మిద్దె మీద నుంచి చూస్తే ఒకవైపు కాలవ, కాలవ అవతల చెరకుతోటలు, ఇంకోవైపు మా వీధి మిద్దెలన్నీ ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తాయి. పక్కింటి హాషిం వాళ్ళమ్మ తన మిద్దె మీద బట్టలు ఆరేస్తూ నాకేసి చూసి, చెయ్యి ఊపి, ఎందుకో కన్ను గీటింది. నేను తల దించేసుకున్నాను. తల దించుకోవడం నాకు బాగా వచ్చు.

బళ్ళో కూడా అంతే. నేను లేచి పాఠం చదివితే మా అరబ్బీ మాస్టారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "నగ్లా చదివితే పుస్తకానికి కూడా వినబడదురా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, నవ్వకపోతే ఏడుపొస్తుందని. నా మాట నోటి దాకా వచ్చి పళ్ళ దగ్గర ఆగిపోయేది. ఇంట్లో మాట్లాడకపోవడం మంచి గుణం. "సబ్రీ కూతురు ఎంత అణకువో, ఇంట్లో ఉందా లేదా కూడా తెలీదు" అని వచ్చినవాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పుకి నేను లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

కిందటి ఎండాకాలం అమ్మ నన్ను ఊరి సంఘం గదిలో కుట్టుపని నేర్చుకోమని పంపింది. కుట్టుమిషను పాడైంది. పక్క గదిలో అబ్లా ఇబ్తిసామ్ ఉంది. టీచరమ్మల్ని మేం అబ్లా అనే అంటాం. ఆవిడ సోహాగ్ పట్నం నుంచి వారానికి రెండుసార్లు చిన్న బస్సులో వచ్చి, ఊళ్ళో పిల్లలకి ఆటా పాటా నాటకం నేర్పేది. వచ్చేవాళ్ళంతా నాలాంటివాళ్ళే. ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు, గేదెల వెంట తిరిగేవాళ్ళు, మాట తడబడే హనా, తండ్రి జైల్లో ఉన్న కరీమా. మా వైపు పెళ్ళిళ్ళలో మగవాళ్ళు డోలు దెబ్బకి కర్రలు ఎత్తి, ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూ ఆడతారు. మేం అదే ఆడాలంది అబ్లా. ఆడపిల్లలకి కర్ర ఎవరిస్తారు? మా అన్నల్నీ బాబాయిల్నీ అడిగితే ఒక్కరూ ఇవ్వలేదు. అబ్లా చెరకుగడలు తెప్పించింది. ఆట అయిపోయాక వాటిని విరిచి తినేవాళ్ళం. "ప్రపంచంలో కర్రలు తినేసే జట్టు మాదొక్కటే" అని కరీమా అనేది.

ఆ ఆటలో మొదటి నియమం, కర్ర ఎత్తే ముందు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి. చూడకపోతే దెబ్బ తగులుతుంది. నాకు చాలా దెబ్బలు తగిలాయి. నేను మనుషుల పాదాలు చూసేదాన్ని. అబ్లా కోప్పడలేదు. "పాదాలు కొట్టవు నగ్లా, చేతులు కొడతాయి. పైకి చూడు" అనేది. ఒకరోజు హనా కళ్ళలోకి చూశాను. అవి తేనెరంగులో ఉన్నాయి. మా ఇద్దరిదీ ఒకే వీధి, పుట్టినప్పట్నించీ పక్కపక్కనే ఉన్నాం, దాని కళ్ళు ఏ రంగో నాకు అప్పటిదాకా తెలీదు. తర్వాత్తర్వాత మడమలు నేలకి ఆనించి నిలబడడం, ఊపిరి పొట్టలోంచి తీయడం, ఎదుటి గోడకి తగిలేలా పేరు చెప్పడం నేర్చుకున్నాను. మొదటిసారి నా పేరు ఆ గోడకి తగిలి వెనక్కి వచ్చినప్పుడు, ఎవరో పిలిచారనుకుని తిరిగి చూశాను. అందరూ నవ్వారు. ఆ నవ్వుకి నాకు ఏడుపు రాలేదు.

శనివారం మా నాటకం. మా ఇళ్ళల్లో విన్న మాటలతో మేమే కట్టుకున్నది. ఒక ఇంట్లో ఆడపిల్ల పుడుతుంది. ఎవరూ మాట్లాడరు. డోలు మోగదు. మా ఊళ్ళో మగపిల్లాడు పుడితే జగ్రూత వేస్తారు. నాలుక ఆడిస్తూ, గొంతు పైకెత్తి, ఆడవాళ్ళు వేసే సంతోషపు కేక అది. పెళ్ళి కుదిరితే వేస్తారు, హజ్ నుంచి ఎవరైనా తిరిగొస్తే వేస్తారు. ఆడపిల్ల పుడితే వెయ్యరు. మా నాటకంలో ముసలి నాయనమ్మ మూలనుంచి లేచి ఆ పసిదాని కోసం జగ్రూత వేస్తుంది. అప్పుడు ఆడపిల్లలందరూ కర్రలు ఎత్తి ఆడతారు. ఆ నాయనమ్మని నేను. అబ్లా ఆ వేషం నాకెందుకిచ్చిందో తెలీదు, జట్టులో జగ్రూత వెయ్యడం రానిది నాకొక్కదానికే. నా నాలుక కదిలేది, గొంతు లేచేది కాదు. గాలి మాత్రం వచ్చేది. "శనివారానికి వస్తుంది. రాకపోతే నాటకంలో ఆ పసిదానికి జగ్రూత ఉండదు, అంతే" అంది అబ్లా. ఆ మాట నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. ఎవరూ సంతోషించని ఆ పసిపిల్ల, నిజానికి గుడ్డ చుట్టిన దిండు, నా వల్ల అలాగే ఉండిపోతుందని దిగులు.

అందుకని ఆరోజు రొట్టెల మధ్య నిలబడి ప్రయత్నించాను. ఒకసారి గాలి వచ్చింది. ఇంకోసారి కోడిపెట్ట చప్పుడు వచ్చింది. మూడోసారి మడమలు ఆనించి, చెయ్యి పెదవుల మీద అడ్డం పెట్టుకుని, కాలవ అవతలి చెరకుతోట దాకా పంపాలనుకున్నాను. వచ్చేసింది. సన్నగా మొదలై, పైకి లేచి, వణికి, విరగకుండా సాగింది. పావురాలన్నీ ఒక్కసారిగా ఎగిరాయి. అది నా గొంతని నాకు నమ్మకం కలగలేదు. ఊపిరి అయిపోయేదాకా ఆపలేదు. గంతులు వేశాను, ఒక రొట్టెముద్ద తొక్కాను కూడా.

అప్పుడు హాషిం వాళ్ళమ్మ తన మిద్దె మీద నుంచి జవాబు వేసింది.

జగ్రూత వినబడితే జవాబు వెయ్యకుండా ఉండకూడదు మా దగ్గర. ఆవిడ వేసిన దానికి ఆ పక్కింటి నుంచి ఇంకొకటి లేచింది. తర్వాత వీధి చివరనుంచి ఒకటి. తర్వాత కాలవగట్టు మీద గిన్నెలు తోముతున్నవాళ్ళ దగ్గర్నుంచి. నేను మిద్దె మధ్యలో నిలబడి, అది ఇంటింటికీ అంటుకుంటూ పోవడం విన్నాను. మొదట నవ్వొచ్చింది. తర్వాత మా వీధి తలుపు ఎవరో తడుతున్న చప్పుడు వినబడింది.

"అమ్మయ్య, ఇవాళ్టికి నోళ్ళు విప్పారు! మబ్రూక్ తహానీ, మబ్రూక్!" హాషిం వాళ్ళమ్మ గొంతు, శుభాకాంక్షలు చెబుతూ.

మిద్దె అంచు నుంచి కిందకి చూశాను. వాకిట్లోకి ఆడవాళ్ళు వస్తున్నారు. ఒకావిడ చేతిలో చక్కెర పొట్లం ఉంది. "మాకు చెప్పకుండా దాచారు కదూ? రిఫాత్ మరలో కూర్చుని తనలో తనే నవ్వుకుంటున్నాడంటే అప్పుడే అనుకున్నాను" అంటోంది ఇంకొకావిడ.

మా ఊళ్ళో పిల్ల మీద మొదటి హక్కు పెదనాన్న కొడుకుది. ఆ సంగతి నాకు తెలియక కాదు. కానీ అది ఎక్కడో, వేరేవాళ్ళ ఇళ్ళల్లో జరిగేదనుకున్నాను. నేను నడక నేర్చినప్పట్నించీ అన్నా అని పిలుస్తున్నవాడు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నా బడి ఇంకా అవలేదు. చక్కెర వేసిన టీ, మోయనివ్వని బస్తా, తలుపు దాకా నడిపించడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి నా మీదకి వచ్చి పడ్డాయి. ఊరంతటికీ ఆ సంగతి తెలుసు, ఊరంతా ఒక్క కేక కోసం ఎదురుచూస్తోంది. ఆ కేక నేనే వేశాను.

మెట్లు దిగి వెళ్ళేసరికి నాయనమ్మ చాప మీద నుంచి లేచి తలుపు రెండు రెక్కలూ తెరిచి పట్టుకుంది. ఏమీ లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. పెద్దమ్మ వంటింట్లోంచి ఎర్రటి షర్బత్ సీసా తీసుకొచ్చింది. అది ఇంట్లో ఉందని కూడా నాకు తెలీదు.

"వచ్చేవారం అనుకున్నాం. పిల్లే ఆగలేకపోయింది!" అంది పెద్దమ్మ. ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. "తన పెళ్ళికి తనే జగ్రూత వేసుకున్న పిల్లని ఎక్కడైనా చూశారటే? అణకువ అణకువ అంటిరి!"

"నాటకం కోసం" అన్నాను.

"ఏంటమ్మా?"

"అది... నాటకం కోసం."

నా మాట మళ్ళీ పళ్ళ దగ్గర ఆగిపోయింది. పుస్తకానికి కూడా వినబడని గొంతు. మిద్దె మీద ఉన్నది ఏమైందో తెలీదు. హాషిం వాళ్ళమ్మ నా బుగ్గ గిల్లి, "సిగ్గు చూడు" అంది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మోచేతుల దాకా పిండి. ఎవరో ఆవిడ చేతికి షర్బత్ గ్లాసు ఇస్తే పట్టుకుంది, తాగలేదు.

మధ్యాహ్నం పెదనాన్న వచ్చాడు. మరలో పిండికోసం వచ్చినవాళ్ళంతా ఆయనకి ముందే శుభాకాంక్షలు చెప్పేశారట. వెనకగదిలో నాన్న మంచం దగ్గర ఆయన నిలబడి మాట్లాడుతుంటే నేను బయట గోడకి ఆనుకుని విన్నాను. రవాన్ నా గౌను పట్టుకుని నిలబడింది.

"పిల్ల ఏదో ఆట కోసం అరిచిందన్నయ్యా" అన్నాడు నాన్న.

"సరే. గుమ్మంలో కూర్చుని వచ్చినవాళ్ళందరికీ ఆ మాట చెప్పు. అబ్దుల్ మొయిజ్ ఇంటి మీద నుంచి జగ్రూత లేచింది, ఏమీ లేదట అని చెప్పు. ఏమీ లేకుండా పెళ్ళీడు పిల్ల మిద్దెక్కి జగ్రూత వేస్తే, ఎవణ్ణి పిలిచింది అంటారు సబ్రీ? దానికేం చెప్తావు?"

నాన్న మంచం కిర్రుమంది.

"నేను పిల్లని కాపాడుతున్నాను. అది గుర్తుపెట్టుకో. రాత్రి దాకా వద్దు, సాయంత్రమే మామయ్యని పిలుస్తున్నాను. ఫాతిహా చదివి సంబంధం ఖాయం చేసేద్దాం. అది చదివాక ఆ ఆటలూ పాటలూ ఏమీ ఉండవు. బడి కూడా, ఆడపిల్లకి చదవడం వచ్చాక ఇంకెందుకు?"

"నీ ఇష్టం అన్నయ్యా" అన్నాడు నాన్న. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు నా గొంతులాగే ఉంది. నాకది ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

పెదనాన్న ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది. కోపంలో అన్న మాట చల్లారాక పోతుంది. ఇది కోపం కాదు, ఏర్పాటు. ఇంట్లో వస్తువుల్ని ఒక్కొక్కటే జరిపినట్టు జరుపుతున్నాడు. ముందుగదిలో, మగవాళ్ళు కూర్చునే మండరాలో, కొత్త చాపలు పరిచారు. మండరాలోకి మా ఇంటి ఆడవాళ్ళు అడుగుపెట్టరు. ఊడవాల్సినప్పుడు ఊడుస్తాం. మగవాళ్ళు ఉన్నప్పుడు పళ్ళెం గడప దాకా తీసుకెళ్ళి, ఎవరో అందుకునేదాకా నిలబడి, వచ్చేస్తాం. అమ్మ ఆ గది గోడలకి ఎన్నిసార్లు సున్నం వేసిందో నాకు తెలుసు. ఆ గోడలకి ఆనుకుని కూర్చోవడం ఒక్కసారి కూడా చూడలేదు.

రిఫాత్ అన్న వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నీళ్ళు అడిగాడు. ఇచ్చాను. తాగి, గ్లాసు నాకే తిరిగిచ్చి, "నీ చేతి నీళ్ళు చల్లగా ఉన్నాయి" అన్నాడు. ఆ కుండలో నీళ్ళు ఆయన రోజూ తాగుతాడు. తర్వాత గుమ్మానికి ఆనుకుని నవ్వాడు. "ఆ చెరకుగడలు ఇక తినడానికే. కర్ర తిప్పాలని అంత సరదాగా ఉంటే నా గదిలో తిప్పుదువుగాని, నేనొక్కణ్ణే చూస్తాను."

చెడ్డగా అనలేదు. తనకి అది ముద్దుమాట. ఆయన వెళ్ళాక కూడా ఆ గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. అమ్మ వచ్చి నా చేతిలోంచి తీసుకుని కడిగింది. ఒకసారి కడిగి, బూడిద వేసి మళ్ళీ తోమింది.

సాయంత్రం కోసం గ్లాసులన్నీ దించి ఇద్దరం కడుగుతున్నాం. అమ్మ నీళ్ళలోకి చూస్తూ చెప్పింది, ఎవరిదో సంగతి చెప్పినట్టు.

"నేను మా ఊళ్ళో కాలవ దగ్గర గిన్నెలు తోముతున్నాను. ఊళ్ళోంచి జగ్రూత వినబడింది. ఎవరిదో పెళ్ళి కుదిరిందే అని మేం పిల్లలందరం చప్పట్లు కొట్టాం. నేను లేచి నిలబడి జవాబు కూడా వేశాను. నాకు బాగా వచ్చేది అప్పట్లో. గిన్నెలు నెత్తిన పెట్టుకుని ఇంటికెళ్తే, అది మా ఇల్లే."

"ఏమన్నావమ్మా అప్పుడు?"

"ఏమంటాను? గిన్నెలు దించాను."

నాకు తెలిసి అమ్మ ఎప్పుడూ జగ్రూత వెయ్యలేదు. ఎవరి పెళ్ళికి వెళ్ళినా గొంతు బాలేదంటుంది. చిన్నప్పట్నించీ అమ్మ గొంతు బాగోదనే అనుకున్నాను.

పొద్దు వాలకముందే నాయనమ్మ తమ్ముడు హజ్ దర్దీరీ వచ్చాడు. మక్కా వెళ్ళొచ్చినవాళ్ళని మేం హజ్ అనే పిలుస్తాం. ఊళ్ళో ఫాతిహాలన్నీ ఆయన ముందే చదువుతారు. పాదాల దాకా దిగిన తెల్లటి అంగీ, గలాబియా; మంచి మనిషి, పిల్లలకి శనగలు పంచుతాడు. పెదనాన్న, రిఫాత్ అన్న, మరలో పనిచేసే ఇద్దరు పెద్దవాళ్ళు ఆయన చుట్టూ కూర్చున్నారు. నాన్నని మంచం మీద నుంచి లేపి, ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చి గోడకి దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. నడుం పోయాక ఆయన మండరాలో కూర్చోవడం అదే మొదటిసారి. ఆ ఒక్కరోజు ఆయన అవసరం పడింది. వాకిట్లో నాయనమ్మ, పెద్దమ్మ, హాషిం వాళ్ళమ్మ, ఇంకా వీధిలో ఆడవాళ్ళు నోళ్ళు తడుపుకుని సిద్ధంగా ఉన్నారు. లోపల చదవడం అవగానే జగ్రూతలు వెయ్యాలి.

"టీ పళ్ళెం పిల్లే తీసుకెళ్ళాలి. పెద్దాయన అడగాలిగా" అంది పెద్దమ్మ.

మా దగ్గర పిల్లని అడగడం ఉంది. పిల్ల జవాబు చెప్పడం లేదు. సమ్మతమేనా తల్లీ అని అడుగుతారు. పిల్ల తల దించుకుంటుంది. సిగ్గుపడింది, ఒప్పుకుంది అని అందరూ అరచేతులు ఎత్తి చదవడం మొదలుపెడతారు. ఇంతకుముందు ఎంతోమందికి అలాగే అయింది. వద్దని ఏడ్చినా సిగ్గుతో ఏడ్చిందన్నారు కరీమా వాళ్ళక్కని. ఏమీ అనకుండా నిలబడితే చాలు, అంతా అదే అయిపోతుంది. అందులో నా అంత నేర్పు ఊళ్ళో ఎవరికీ లేదు. పుట్టినప్పట్నించీ నేను ఈ ఒక్క ప్రశ్నకి ఇలా జవాబు చెప్పడానికే తయారవుతున్నానని అప్పుడు అర్థమైంది. వాళ్ళు మెచ్చుకున్న నా అణకువంతా దీనికోసమే.

పళ్ళెం పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను. గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. నా వెనక అమ్మ ఉంది. ఆవిడ ఊపిరి నా మెడకి తగులుతోంది.

"రా తల్లీ, రా" అన్నాడు హజ్ దర్దీరీ. "మీ పెదనాన్న కొడుకు రిఫాత్‌కి నిన్ను అడుగుతున్నారు. మీ నాన్న ఒప్పుకున్నాడు. నీకు సమ్మతమేనా?"

నా తల తనంతట తనే దిగిపోవడం మొదలుపెట్టింది. చాప అంచులు కనబడ్డాయి, పెదనాన్న పాదాలు కనబడ్డాయి, పక్కన రిఫాత్ అన్న పాదాలు. "చూశారుగా" అని ఎవరో తృప్తిగా అన్నారు. అరచేతులు పైకి లేస్తుంటే గలాబియాల రెపరెప వినబడింది.

నేను పాదాల మీద నుంచి చూపు పైకి ఎత్తాను. చాలా కష్టమైంది, నీళ్ళ కుండ ఎత్తినట్టు. మోకాళ్ళు, ఎత్తిన అరచేతులు, గడ్డాలు, తర్వాత కళ్ళు. హజ్ దర్దీరీ కళ్ళు ముసలివి, నీళ్ళగా ఉన్నాయి. ఆయన నన్ను చూడడం లేదు, అరచేతులు చూసుకుంటున్నాడు. ఆయన పెదవులు కదలబోతున్నాయి.

"నాకు సమ్మతం కాదు" అన్నాను.

నేను అరవలేదు. ఎదుటి గోడకి పంపాను. అది అక్కడికి చేరి, తిరిగి వచ్చి, నా వెనక వాకిట్లోకి, వాకిలి తెరిచి ఉంది కాబట్టి వీధిలోకి కూడా వెళ్ళింది. బయట ఆడవాళ్ళ గుసగుసలు ఆగిపోయాయి.

ఎత్తిన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. వాటిని దించాలో ఉంచాలో ఎవరికీ తెలీలేదు. పిల్ల మాట్లాడితే ఏం చెయ్యాలో వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. రిఫాత్ అన్న నవ్వబోయి ఆగాడు. హజ్ దర్దీరీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమందీ?" అని పక్కాయన్ని అడిగాడు.

"నాకు సమ్మతం కాదని అన్నాను తాతా. నేను వేసిన జగ్రూత దీనికోసం కాదు. ఆడపిల్ల పుట్టినందుకు."

పెదనాన్న లేచాడు. తొందరపడకుండా, గలాబియా సర్దుకుంటూ లేచాడు. "సబ్రీ, నీ కూతురు" అన్నాడు. అంతే అన్నాడు. నాన్న చేతులు మాత్రం అప్పటికే కిందకి దిగి మోకాళ్ళ మీద ఉన్నాయి. ఎప్పుడు దించాడో చూడలేదు. ఆయన నాకేసి చూస్తున్నాడు, భయంగా, మంటని చూసినట్టు. పెదనాన్న నావైపు ఒక అడుగు వేశాడు. ఆ ఇంట్లో నేను తిన్న ప్రతి రొట్టే ఆ అడుగులో ఉందనిపించింది. రేపు మేం నలుగురం ఎక్కడ పడుకుంటాం, నాన్నని ఎవరు లేపుతారు, రవాన్ ఏమవుతుంది, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు. తల దించలేదు.

వెనక నుంచి ఒక చెయ్యి నా భుజం పట్టుకుంది. గట్టిగా, నొప్పిపుట్టేలా. అమ్మ కొడుతుందనుకున్నాను. అందరి ముందూ కొట్టి, క్షమించమని వాళ్ళ కాళ్ళు పట్టిస్తుందనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను.

అమ్మ నా చేతుల్లోంచి పళ్ళెం తీసుకుంది. నన్ను పక్కకి, గడప ఇవతలికి, వాకిట్లోకి నెట్టింది. నేను తూలి నిలదొక్కుకునేసరికి అమ్మ లోపల ఉంది. గడప దాటి, మగవాళ్ళ చాప మీద, పెదనాన్నకీ నాకూ మధ్య నిలబడి ఉంది. పళ్ళెం వంగి కింద పెట్టింది. ఒక్క గ్లాసు కూడా చప్పుడు చెయ్యలేదు.

"బావగారూ, కూర్చోండి. నేను మాట్లాడాలి" అంది.

ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. వాకిట్లో పెద్దమ్మ "ఏయ్ వదీదా, ఎక్కడికెళ్తున్నావే, బుద్ధుందా!" అని కేకేసింది. రవాన్ ఏడుపు మొదలుపెట్టింది. నేను "అమ్మా" అని గడప మీద అడుగు పెట్టబోయాను. అమ్మ వెనక్కి తిరిగింది. నన్ను ఒక్కసారి, తేరిపార చూసింది, నా కళ్ళలోకి. తర్వాత మండరా తలుపు రెండు రెక్కలూ లోపల్నుంచి దగ్గరికి లాగి, నా ముఖం మీదే మూసేసింది.